ఏకాంత వసతిలో సివంగి

ఎర్రబండ నగర పంచాయతీ పరిధిలో ఆడకుక్క ఎదకొస్తే ఇరవై నాలుగు గంటల్లోగా ఆఫీసుకు తెలియజేయాలన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. వ్యతిరేకించేవాళ్ళు చేతులెత్తండని చైర్మన్ అడిగినప్పుడు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఏం కారణం చెప్పాలో ఎవరికీ తోచలేదు.

తీర్మానానికి కారణం మాత్రం బలమైనదే. ఎర్రబండ గ్రామ పంచాయతీ నుంచి నగర పంచాయతీగా ఎదిగిన తొలి ఏడాది, పరిశుభ్ర పట్టణాల ర్యాంకుల కోసం రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. బస్టాండు ముందు వేదిక కట్టారు. ఆయన మైకు ముందుకొచ్చి "క్రమశిక్షణే పరిశుభ్రతకు పునాది" అంటుండగా ఎడమ మెట్ల మీదుగా ఒక గోధుమరంగు ఆడకుక్క వేదికెక్కింది. దాని వెనక పదకొండు మగకుక్కలు ఒకదాని వెంట ఒకటి, నిజానికి ఎంతో క్రమశిక్షణతోనే ఎక్కాయి. అందులో రెండింటికి అధికారి కుర్చీ కిందికి వచ్చేసరికి మాటామాటా పెరిగింది. ఎర్రబండకు ఆ ఏడు జిల్లాలో చివరి ర్యాంకు వచ్చింది.

కమిషనర్ ఫణీంద్ర పట్టుదల మనిషి. వారం రోజులు తలుపులేసుకుని ఉత్తర్వు రాశాడు. "ప్రజారోగ్యము, పట్టణ సౌందర్యము మరియు వేదికల గౌరవము దృష్ట్యా, ఎదకు వచ్చిన ప్రతి ఆడ శునకమును దాని యజమాని కార్యాలయ ఆవరణలోని ఏకాంత వసతి కేంద్రమునకు అప్పగించవలెను. ఎద ముగిసిన పిమ్మట సదరు శునకము తిరిగి ఇవ్వబడును" అన్నది దాని సారాంశం. ఆఫీసు వెనక పాత మీటర్లూ విరిగిన కుర్చీలూ పడేసే గదిని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, "ఏకాంత వసతి కేంద్రం" అని బోర్డు రాయించి, రిబ్బను కత్తిరించారు.

తర్వాత కుక్కల సర్వే జరిగింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ నాగభూషణం ఇల్లిల్లూ తిరిగి మూడు వందల పన్నెండు కుక్కలను నమోదు చేశాడు. అందులో మూడు వందల పదకొండు మగవి. పాతపేటలో ఒక ఇంటి అరుగు మీద నాలుగు పిల్లలు ఒక కుక్క పొట్టకు అతుక్కుని పాలు తాగుతుంటే, ఇంటాయన "మగదే సార్, కాస్త జాలిగుండె" అన్నాడు. నాగభూషణం అలాగే రాసుకున్నాడు.

ఆ మిగిలిన ఒక్కటి సుంకమ్మ కుక్క.

సుంకమ్మది కొండకింది కొట్టాలు. పట్టణానికి మూడు మైళ్ళు. నగర పంచాయతీ అయ్యేటప్పుడు జనాభా చాలక ఆ కొట్టాలను కూడా కలిపేసుకున్నారు కాబట్టి, ఆమెకు తెలియకుండానే ఆమె పట్టణవాసి అయింది. మొగుడు పోయాక మందను ఒంటిచేత్తో మేపుతోంది. కొండవాలులో కంప నాటిన రొప్పం, అందులో గొర్రెలు, వాటికి కాపలా ఆ కుక్క, పేరు సివంగి. నల్లటి ఒళ్ళు, తెగిన చెవి. రెండేళ్ళ కిందట తోడేలు గొర్రెపిల్లను నోట కరుచుకుంటే దాన్ని వాగుదాకా తరిమి పిల్లను విడిపించుకున్నప్పుడు తెగిన చెవి అది. అప్పటినుంచీ ఆ రొప్పం వైపు తోడేలు రాలేదు.

సివంగి ఎదకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో సుంకమ్మకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఆమె అత్త చేసేది, ఆమె అత్త అత్త చేసేది, ఈమె చేస్తుంది. కుక్కను రొప్పం నడుమ గుంజకు కట్టి, దాని చుట్టూ కొమ్ముల పొట్టేళ్ళను వదులుతుంది. కంప దూకి వచ్చిన మగకుక్క ఏదైనా సరే, పొట్టేలు ఒక్క గుద్దు గుద్దితే వచ్చినదారినే పోతుంది. మూడు వారాలు. ఆపైన కట్టు విప్పేస్తుంది. కట్టేసి ఉన్నా సివంగి మొరిగేది మొరుగుతూనే ఉంటుంది కాబట్టి తోడేలుకు తేడా తెలియదు.

నాగభూషణం ఫారాలు చంకన పెట్టుకుని కొట్టాలకు వచ్చిన రోజున ఆమె ఒక గొర్రె గిట్ట సందులో ముల్లు తీస్తోంది.

"కుక్క ఆడదా, మగదా?" అన్నాడు.

"ఆడదే సామీ. చూస్తే తెలీడంలా?"

నాగభూషణం కళ్ళు మెరిశాయి. ఏకాంత వసతి తెరిచి నెలయినా ఒక్క కుక్కా చేరలేదని కమిషనర్ రోజూ అడుగుతున్నాడు. "ఎదలో ఉందా?"

"మొన్నట్నుంచి. అందుకే గదా కట్టేసింది."

ఆమె గొర్రెను వదిలి లేచేసరికి అతని వెనకే వచ్చిన వ్యాన్ నుంచి ఇద్దరు మనుషులు దిగి సివంగి కట్టు విప్పారు.

"ఏంది సామీ ఇది? యాడికి తీస్కపోతాండారు?"

"ఏకాంత వసతికమ్మా. సర్కారు ఖర్చుతో. పాలు, అన్నం, నీడ అన్నీ ఉంటాయి. ఎద ముగియగానే తిరిగి ఇవ్వబడును."

"మూడు వారాలు మందకు కాపలా యెవురుండల్ల? మొన్న సిద్ధప్ప మందలో తోడేలు పడి రెండు పిల్లల్ని ఎత్కపోయినాది."

"తోడేళ్ళ విషయమై అటవీ శాఖకు అర్జీ పెట్టుకో. తోడేలు మా పరిధిలోకి రాదు."

"నా రొప్పంలోకి వస్తాది గదా సామీ."

నాగభూషణం ఫారంలో ఆ మాటకు గడి లేదు. రసీదు చింపి చేతిలో పెట్టి వ్యానెక్కాడు. సివంగి వెనక అద్దంలోంచి మంద వైపే చూస్తూ పోయింది.

*

నాలుగో రోజుకు ఎర్రబండలోని మగకుక్కలన్నిటికీ సంగతి తెలిసింది. వాటికి ఏ ప్రకటనా అవసరం రాలేదు. ఊరికి నలుమూలలా చెల్లాచెదురుగా ఉండే కుక్కలు నగర పంచాయతీ ఆఫీసు గేటు ముందు చేరాయి. కొన్ని గోడకు ముందుకాళ్ళు ఆనించి నిలబడ్డాయి. కొన్ని ధర్నా చేసేవాళ్ళలా రోడ్డుకడ్డంగా పడుకున్నాయి. జనన మరణ ధ్రువీకరణ పత్రాల కోసం వచ్చినవాళ్ళు దూరాన్నుంచి చూసి వెనక్కి పోయారు.

సుంకమ్మ ఎనిమిదో రోజున పట్టణానికి వచ్చింది. రొప్పంలోకి తోడేలు దిగి ఒక పిల్లను ఎత్తుకుపోయింది. ఆ సంగతి చెప్పి కుక్కను అడిగి తెచ్చుకుందామని ఆమె ఆశ. గేటు దగ్గర అటెండర్ ఖాజా కర్రతో కుక్కలను అదిలిస్తున్నాడు.

"రా సుంకక్కా, గోడపక్కగా రా. ఇవి నిన్నేం చెయ్యవులే. ఇవి వచ్చింది నీ కోసం గాదు."

"నా కుక్క తిండి తింటాందా ఖాజా?"

"తింటాందక్కా. నేనే పెడతాండా. మనిషిని చూస్తే తోకాడిస్తాది. అయితే కొండ దిక్కు చూసి ఒకటే ఏడుపు."

లోపల కమిషనర్ ఫణీంద్ర సమీక్ష జరుపుతున్నాడు. సుంకమ్మను చూసి ఆదర్శ పౌరురాలిని చూసినట్టు లేచి నిలబడ్డాడు.

"రామ్మా. మన పట్టణంలో నిజాయతీగా నమోదు చేయించినది నువ్వొక్కదానివే. నీకు ప్రశంసాపత్రం ఇప్పించాలని ఆలోచిస్తున్నాను."

"పత్రం వద్దు సార్. కుక్కను ఇయ్యండి. పిల్లను ఎత్కపోయె తోడేలు."

"ఎద ముగియనీయమ్మా. నియమం నియమమే. ఇప్పుడు వదిలేస్తే బయటున్న ఈ సమూహం ఏమైపోతుంది?" కిటికీలోంచి కుక్కల వైపు చూశాడు. "నాగభూషణం, మన రికార్డుల ప్రకారం వీటి సంఖ్య ఎంత?"

"మూడు వందల పదకొండు సార్. సర్వేకు సరిగ్గా సరిపోయింది."

"చూశావా. సర్వే ఎంత పకడ్బందీగా చేశామో." ఫణీంద్ర ఉత్సాహంగా టేబుల్ మీద వేళ్ళు వాయించాడు. "భద్రత పెంచాలి. మనుషులు చాలరు. కుక్కల మనస్తత్వం కుక్కకే తెలుస్తుంది. మా ఇంట్లో మేజర్ ఉన్నాడు. అల్సేషియన్. వంశావళి పత్రాలున్నాయి. వాణ్ణి కేంద్రం భద్రతకు నియమిద్దాం. స్వచ్ఛంద సేవ. ఉత్తర్వు టైపు చేయించు."

నాగభూషణం రాసుకోవడం మొదలుపెట్టాడు. సుంకమ్మకు పెద్దవాళ్ళ మాటకు అడ్డుపడే అలవాటు లేదు. కానీ గొర్రెల మధ్య బతికిన మనిషి.

"సార్, ఆ మేజరు మగదా, ఆడదా?"

"మగవాడే."

"మరి..."

నాగభూషణం పెన్ను ఆపి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అమ్మా, బయట ఉన్నవి ఊరకుక్కలు. మేజర్ డ్యూటీలో ఉంటాడు."

"డ్యూటీలో ఉంటే..."

"డ్యూటీలో ఉన్నవాళ్ళకు అట్లాంటి ఆలోచనలుండవు. ఉత్తర్వులో రాస్తున్నాం కదా."

ఉత్తర్వులో నిజంగానే రాశారు. "సదరు మేజర్ అను శునకము విధి నిర్వహణ సమయమున వ్యక్తిగత ప్రవృత్తులకు లోనుకాకుండా వ్యవహరించవలెను" అని. కేంద్రం తలుపు ముందు మేజర్‌ను కట్టేశారు. లోపలి పరిస్థితి తెలియకుండా కాపలా కాయడం కుదరదు కాబట్టి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, తలుపు తీసి పది నిమిషాల పాటు మేజర్‌ను లోపల తనిఖీ చేయనిచ్చారు. ఆ పది నిమిషాలూ గౌరవసూచకంగా తలుపు దగ్గరికి వేసేవారు.

మొదటి రోజు తనిఖీకి మేజర్ వెళ్ళిరావడానికి పావుగంట పట్టింది. రెండో రోజున అరగంట పట్టింది. "క్షుణ్ణంగా చేస్తున్నాడు" అని నాగభూషణం రిజిస్టరులో రాశాడు.

*

మూడు వారాలు పూర్తయ్యాయి. బయటి కుక్కలు ఒక్కొక్కటే చల్లగా తప్పుకున్నాయి. చివరి కుక్క గేటు ముందు నుంచి లేచిపోయిన రోజు సుంకమ్మ మళ్ళీ వచ్చింది. ఈలోగా ఇంకో పిల్ల, ఒక చూడి గొర్రె పోయాయి. ఆమె రొప్పంలోనే కర్ర పట్టుకుని పడుకుంటోంది. కళ్ళ కింద నలుపు తేలింది.

"అయిపోయిందంట గదా సార్. ఇచ్చేయండి. పోతా."

"ఏది అయిపోయింది?" అన్నాడు నాగభూషణం.

"ఎద."

"ఎవరు చెప్పారు?"

"కుక్కలే చెప్పినాయి. యాడన్నా ఒక్కటి కనబడతాందా సూడు గేటుకాడ."

నాగభూషణం దిగులుగా ఫైలు తెరిచాడు. "అక్కడే చిక్కొచ్చిందమ్మా. ఎద ప్రారంభ ధ్రువీకరణ పత్రం ఉంది. ఎద ముగింపు ధ్రువీకరణ పత్రం ఫారం లేదు. ఉత్తర్వు రాసేటప్పుడు ముగింపు గురించి ఎవరూ ఆలోచించలేదు. ఫారం ఉన్నా, సంతకం పెట్టే అధికారం ఎవరికుందో తెలియదు. జిల్లాకు రాశాం. జిల్లావాళ్ళు స్పష్టత కోసం రాజధానికి రాశారు."

"అంతదాకా?"

"అంతదాకా ఎద కొనసాగుతున్నట్టే."

"కుక్కకు ల్యాని ఎద ఫైలుకు ఉండాదా సామీ?"

"కుక్క ఫైలులో ఒక భాగం మాత్రమే కదమ్మా."

సుంకమ్మ గుమ్మం పక్కన చతికిలబడింది. ఖాజా మంచినీళ్ళిచ్చాడు. ఆమె తాగి లేచి వెనక కిటికీ దగ్గరికి పోయింది. సివంగి చప్పుడు విని కిటికీ మీదికి కాళ్ళెత్తి, ఊచల సందులోంచి ఆమె మణికట్టు నాకింది. సుంకమ్మ చెయ్యి దాని మెడ మీదుగా పొట్ట దాకా పోయి, అక్కడ ఆగింది. రెండుసార్లు నొక్కి చూసింది.

"ఖాజా, ఇట్లా రా."

"ఏమక్కా?"

"మీ మేజరు తనిఖీ బాగా చేసినాడు."

*

కేంద్రంలో చేరిన నెలా ఇరవై రోజులకు సివంగి పొట్ట ఎవరికైనా కనిపించేంతయింది. ఖాజాకు భయం వేసి నాగభూషణానికి చెప్పాడు. నాగభూషణానికి అంతకన్నా భయం వేసి కమిషనర్‌కు చెప్పాడు. పశువుల డాక్టర్ హేమావతిని పిలిపించారు. ఆమె ఆ కొలువులో చేరి ఏడాదే అయింది. సూటిగా మాట్లాడే అలవాటు ఇంకా పోలేదు.

"కడుపుతో ఉంది సార్. ఇంకో మూడు వారాల్లో ఈనుతుంది."

"డాక్టర్," అన్నాడు ఫణీంద్ర శాంతంగా, "ఎదలో ఉన్న కుక్క కడుపుతో ఎలా ఉంటుంది?"

"ఎద ఎప్పుడో అయిపోయింది సార్."

"అలా అని ఉత్తర్వు వచ్చిందా?"

"లేదు సార్, కానీ..."

"పోనీ కడుపే అనుకుందాం. ఏకాంత వసతిలో ఉన్న కుక్కకు కడుపొస్తే ఏకాంతానికి భంగం కలిగినట్టు. ఎవరి వల్ల? గేటు దాటి ఒక్క ఊరకుక్క రాలేదని రిజిస్టరు చెబుతోంది. లోపలికి వెళ్ళే అధికారం ఒకే ఒక్కరికి ఉంది." ఆయన అక్కడ ఆగాడు. వరండాలో మేజర్ ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని, చేయవలసిన పని పూర్తిచేసినవాడిలా నిద్రపోతున్నాడు.

నాగభూషణం లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఉబ్బు అని రాయొచ్చు డాక్టరమ్మా" అన్నాడు నాగభూషణం మెల్లగా. "ఉదర భాగమున ఉబ్బు. పోషకాహారము అధికమగుటచే."

హేమావతి కమిషనర్‌ను చూసింది, కిటికీలోంచి మేజర్‌ను చూసింది. ఆమెకు బదిలీ కావలసి ఉంది. రాసింది.

ఇకముందు ఎవరూ వేలెత్తి చూపకుండా ఫణీంద్ర ఇంకో జాగ్రత్త తీసుకున్నాడు. మేజర్‌ను సేవల నుంచి గౌరవప్రదంగా విరమింపజేసి, కేంద్రం తలుపుకు లక్కతో సీలు వేయించాడు. సీలు మీద తన సంతకం, తేదీ. తిండి వెనక కిటికీ గుండా పెట్టాలి. ఆ కిటికీ ఊచలు తుప్పుపట్టి అడుగున ఊడి వస్తాయని ఖాజాకు తెలుసు. ఖాజాను ఎవరూ అడగలేదు.

మూడు వారాలు గడిచేసరికి సివంగి ఈనింది. ఐదు పిల్లలు. రెండు తల్లిలాగా నల్లనివి. మిగతా మూడింటికి వీపు నలుపు, కాళ్ళు గోధుమరంగు, మూతి పొడుగు.

"చూసినావా అక్కా" అన్నాడు ఖాజా, సుంకమ్మ కిటికీ దగ్గర నిలబడినప్పుడు. "ఈ ముగ్గురూ అచ్చం సారోళ్ళ ఇంటి పోలికే. వంశావళి పత్రాలు గూడా ఇయ్యల్సి వస్తాది."

సుంకమ్మ నవ్వలేదు. ఆ తెల్లవారే ఆమె రొప్పంలో మూడు గొర్రెలు గొంతులు చీలి పడున్నాయి. మిగిలినవి కంప మీద పడి ఒళ్ళంతా గాయాలు చేసుకున్నాయి. ఇంకో నెల ఇట్లాగే సాగితే మేపడానికి మంద మిగలదు. కిటికీ లోపల సివంగి పిల్లలను పొట్ట కిందికి నెట్టుకుంటూ ఆమె వైపే చూస్తోంది.

*

అదే వారం ఆఫీసు నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన వెలిసింది. "ఏకాంత వసతి కేంద్రమున శునక శిశువులు ఉన్నట్లు వ్యాపించుచున్న వదంతులు పూర్తిగా నిరాధారము. ఎదలో ఉన్న శునకమునకు శిశువులు కలుగుట అసంభవమని తెలియజేయడమైనది." ప్రకటన చదువుతున్నవాళ్ళకు వెనక గదిలోంచి కుక్కపిల్లల కూతలు బాగా వినిపించాయి. ఎర్రబండ జనం మర్యాదస్తులు. ప్రకటన పూర్తయ్యేదాకా చదివి పోయారు.

అప్పుడే జిల్లా నుంచి కబురొచ్చింది. ఎర్రబండ ఏకాంత వసతి కేంద్రం మూడున్నర నెలలుగా ఒక్క ఉల్లంఘనా లేకుండా నడుస్తున్నందున దాన్ని జిల్లాకే ఆదర్శంగా ఎంపిక చేశారు. బుధవారం తనిఖీ బృందం వస్తుంది.

సోమవారం మిట్టమధ్యాహ్నం నాగభూషణం స్కూటరు మీద కొట్టాలకు వచ్చాడు. నెత్తిన తువ్వాలు. ముఖం వాడిపోయింది. చెట్టు నీడన గొర్రె గాయానికి పసుపు పెడుతున్న సుంకమ్మ పక్కన రాయి మీద కూర్చున్నాడు.

"సుంకమ్మా, ఒక సాయం చేయాలి."

"నేనేం సాయం చేస్తా సామీ. నాకాడ ఏముండాది."

"కేంద్రంలో... కొన్ని లేవు. అవి అక్కడ లేకుండా చూడాలి."

"లేకుంటే ఇంకేం చూసేది?"

"లేవు. కానీ అరుస్తున్నాయి." నాగభూషణం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "తీసేయమని ఉత్తర్వు ఇవ్వడానికి కుదరదు. ఉత్తర్వు ఇస్తే ఉన్నట్టు ఒప్పుకున్నట్టు. నువ్వొచ్చి ఊరికే ఒక గంపలో వేసుకుని పోతే..."

"కండ్లు గూడా తెరవలేదు సామీ అవి. తల్లి ల్యాకుంటే రెండు దినాలకు చస్తాయి. తల్లిని గూడా ఇస్తారా?"

"తల్లి ఎట్లా ఇస్తామమ్మా? బృందం వచ్చేదే దానికోసం. తల్లి లోపల ఉండాలి."

సుంకమ్మ పసుపు చెయ్యి కొంగుకు తుడుచుకుంది. గాయపడిన గొర్రె లేచి రెండడుగులు వేసి మళ్ళీ పడుకుంది. ఆమె దాన్నే చూస్తూ అడిగింది.

"సామీ, వచ్చేటోళ్ళు సీలు తీసి చూస్తారా?"

"సీలు తీస్తే ఉల్లంఘన అవుతుంది. ఉల్లంఘన లేదని చూడ్డానికే కదా వాళ్ళు వచ్చేది. సీలు చూస్తారు, రిజిస్టరు చూస్తారు, భోజనం చేస్తారు."

"వెనక కిటికీ?"

"అది రిజిస్టరులో లేదు."

"అయితే సీలుంటే కుక్క లోపల ఉన్నట్టే."

నాగభూషణం కొండ వైపు చూశాడు. తర్వాత లేచి తువ్వాలు దులుపుకుని స్కూటరు స్టార్టు చేశాడు.

"నువ్వేదో అన్నావు సుంకమ్మా. గాలికి నాకు వినపడలేదు" అన్నాడు. ఆకు కదలని ఎండ అది.

మంగళవారం ఆఫీసు జనం భోజనాలకు పోయిన వేళ సుంకమ్మ గంప నెత్తిన పెట్టుకుని వెనక కిటికీ వైపు నుంచి గేటు దగ్గరికొచ్చింది. ఊచలు ఖాజా సవరించాడు. గంపలో కదలిక ఉంది. గంప వెనక సివంగి, ముక్కు పైకెత్తి, పిల్లల వాసన వెంబడి నడుస్తోంది. గేటు దగ్గర బయటికి పోయే ప్రతి వస్తువునూ రిజిస్టరులో రాయాలన్నది కూడా కమిషనర్ నియమమే.

"ఏం తీస్కపోతాండావని రాయల్ల అక్కా?" అన్నాడు ఖాజా.

"బోర్డు మీద ఏముంటే అదే రాయి."

ఖాజా బోర్డు వైపు చూసి, పెన్ను మూత తీసి రాశాడు. వస్తువు వివరము: ఏమీ లేదు. సంఖ్య: ఆరు.

*

బుధవారం బృందం సీలును భూతద్దంతో చూసింది. చెక్కుచెదరలేదు. "లోపల ఎంత ప్రశాంతంగా ఉందో" అని బృందం పెద్ద ముచ్చటపడ్డాడు. "ఏకాంతం అంటే ఇది." భోజనాల తర్వాత ఇచ్చిన జ్ఞాపికను కమిషనర్ గదిలో గోడకు తగిలించారు.

ఆ రాత్రి నుంచి కొట్టాల మీద మొరుగు మొదలైంది. తోడేలు ఒకసారి వాగు దాకా వచ్చి పోయింది. మళ్ళీ రాలేదు. సుంకమ్మ రెండున్నర నెలల తర్వాత గుడిసెలో పడుకుంది.

ఏకాంత వసతికి మాత్రం రోజూ పాలు, అన్నం పోతూనే ఉన్నాయి. "ఆహారము ఇవ్వడమైనది. ఎద కొనసాగుచున్నది" అని నాగభూషణం సంతకం పెడుతూనే ఉన్నాడు. అన్నం ఖాజా ఇంట్లో కోళ్ళు తిన్నాయి.

మరో నెలకు రాజధాని నుంచి స్పష్టత వచ్చింది. నిపుణుల సంఘం మూడుసార్లు సమావేశమై తేల్చిన విషయం: "ఎద అనునది కాలక్రమమున సహజముగా ముగియునని భావించవచ్చును. ముగిసినదని భావించిన శునకములను బహిరంగముగా యజమానులకు అప్పగించవలెను. యజమాని హాజరుకాని ఎడల శునకమును స్వాధీనపరచుకొనవలెను."

నాగభూషణం ఆ కాగితం పట్టుకుని కొట్టాలకు వచ్చాడు. సివంగి ఎదురొచ్చి ఆయన బూటు వాసన చూసింది. వెనకే ఐదు పిల్లలు దొర్లుకుంటూ వచ్చాయి. అందులో మూడింటికి చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి. నాగభూషణం కాలు కొంచెం పక్కకు జరుపుకుని, వాటి మీదుగా చూస్తూ కాగితం చదివాడు.

"రేపు పదకొండు గంటలకు వచ్చి నీ కుక్కను తీసుకుపోవాలి. రాకపోతే స్వాధీనం చేసుకుంటారు. నల్లటి ఒళ్ళు, తెగిన చెవి అని గుర్తులు రాసి ఉన్నాయి. వ్యాన్ వస్తుంది."

పోకపోతే వ్యాన్ వచ్చి సివంగిని ఎత్తుకుపోతుంది. పోతే సీలు తీస్తారు, గది ఖాళీగా ఉంటుంది, ఆఫీసు కుక్కను దొంగిలించినావని వ్యాన్ వచ్చి సివంగిని ఎత్తుకుపోతుంది.

"ఎట్ల సామీ మరి?"

"నాకు తెలీదమ్మా" అన్నాడు నాగభూషణం. ఆ ఫైలు మొదలైనప్పటి నుంచి ఆయన చెప్పిన మాటల్లో నాగభూషణానికి సొంతమైనది అదొక్కటే.

మరునాడు షామియానా వేశారు. కౌన్సిలర్లు, ఫొటోగ్రాఫర్, నలభై యాభై మంది జనం, వాళ్ళ ముందు ఒంటరిగా వచ్చి నిలబడ్డ సుంకమ్మ. ఫణీంద్ర పావుగంట మాట్లాడి, కత్తితో సీలు పగలగొట్టి, తలుపు తోశాడు.

గదిలో ఒక గోనెసంచి, ఒక సత్తుగిన్నె ఉన్నాయి.

జనం మెడలు చాచారు. ఫణీంద్ర గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయన వీపు మాత్రమే సుంకమ్మకు కనిపిస్తోంది. కుక్క లేదంటే ఎప్పటి నుంచి లేదో చెప్పాలి. ఎట్లా పోయిందో చెప్పాలి. పాలు ఎవరు తాగారో, జ్ఞాపిక ఎందుకొచ్చిందో, ఉబ్బు ఏమైందో, ఉబ్బు ఎవరి వల్లో, అక్కడి నుంచి మేజర్ దాకా పోవాలి. సుంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫణీంద్ర ఇటు తిరిగాడు. ముఖం ప్రసన్నంగా ఉంది.

"చూశారా" అన్నాడు. "ఒక్క మొరుగు లేదు. ఇదీ మన కేంద్రం నేర్పిన క్రమశిక్షణ."

ఒక కౌన్సిలర్ చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు.

"సార్, కుక్క ఫ్రేములోకి రావడంలేదు" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"మనుషులను తియ్యవయ్యా. కుక్కను ఎవరు చూస్తారు."

రిబ్బను కట్టిన కొత్త తాడు ఒకటి తెప్పించారు. ఒక కొసను ఫణీంద్ర సుంకమ్మ చేతికిచ్చి, కెమెరా వైపు చూసి నవ్వాడు. రెండో కొస నేల మీద పడి ఉంది. నాగభూషణం ఫైలు తెరిచి ముందు పెట్టాడు.

"శునకము ముట్టినదని రాసి సంతకం చేయమ్మా."

సుంకమ్మ మూడో తరగతి దాకా చదివింది. పెన్ను పట్టుకుని, కూడబలుక్కుంటూ రాసింది. నా కుక్క నాకాడ ఉండాది. కింద సంతకం పెట్టింది.

నాగభూషణం రెండుసార్లు చదువుకున్నాడు. "సరిపోయింది" అన్నాడు గొంతు తగ్గించి. ఫైలు మూసి దారం ముడివేశాడు.

"జాగ్రత్తగా తీసుకుపోమ్మా" అన్నాడు ఫణీంద్ర. "ఎండగా ఉంది, దారిలో నీళ్ళు తాగించు."

"అట్లనే సార్."

ఆమె తాడు పట్టుకుని నడిచింది. మధ్యలో ఒకచోట ఆగి, తాడును కాస్త లాగి, మళ్ళీ నడిచింది. జనం రెండు వైపులా జరిగి దారిచ్చారు. ఒక కౌన్సిలర్ కాలు తగలకుండా వెనక్కి తీసుకున్నాడు. గేటు దగ్గర ఖాజా రెండు రెక్కలూ బార్లా తీసి పట్టుకున్నాడు. సుంకమ్మ దాటింది. తాడు కొస దాటింది. ఖాజా ఇంకో రెండు క్షణాలు ఆగి, కింద చూసుకుని, గేటు వేశాడు.